డ్రైవరు వెనక సీటు

కోచ్ బర్డిక్ నడుస్తున్న బస్సులో తన సీటు వదిలి ముందుకు వచ్చాడంటే ఎవరికో మూడిందని అర్థం. గురువారం పొద్దున, బస్సు మెంఫిస్ దాటి తూర్పు దారి పట్టిన కాసేపటికి అలాగే వచ్చాడు. కుర్రాళ్ళంతా చెవుల్లో పాటలు పెట్టుకుని నోళ్ళు తెరుచుకుని నిద్రపోతున్నారు. కాళ్ళు దాటుకుంటూ, సీట్లు పట్టుకుంటూ వచ్చి, డ్రైవరు వెనక సీట్లో ఉన్న వెండెల్ రోర్క్ పక్కన కూలబడ్డాడు.

"మధ్యాహ్నం తిండి ఎక్కడ?"

"జాక్సన్‌లో, బార్బెక్యూ. మనం దిగేసరికి బల్లల మీద ఉంటుంది కోచ్."

"పంది మాంసం తిననివాడు ఒకడున్నాడు కదా?"

"వాడికి కోడి చెప్పాను."

బర్డిక్ తల ఊపాడు. లేవలేదు. మోకాలు గోక్కున్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. వెండెల్‌కి అప్పుడే అనుమానం వచ్చింది.

"ఇంకో చిన్న పని. వచ్చే మంగళవారం ఒకతన్ని రప్పిస్తున్నాను. విమానం టికెట్టు తియ్యి. గది మంచి హోటల్లో చూడు. సాయంత్రానికి మన స్టేక్ హోటల్లో మూల బల్ల చెప్పు. పేరు ట్రెంట్ వోగెల్."

"ఎవరాయన?"

"కుర్రాడే. ఒక్లహామాలో ఒక కాలేజీలో ఫీల్డింగ్ చూస్తున్నాడు. మన ఫీల్డింగ్ కోచ్ హార్లన్ వెళ్ళిపోతున్నాడు కదా, ఆ చోటికి."

వెండెల్ బొటనవేలు ఫోను మీద అలాగే ఆగిపోయింది. కిందటి శరత్కాలంలో సామాన్ల గదిలో ఇదే బర్డిక్ ఇదే వెండెల్ భుజం మీద చెయ్యి వేసి, హార్లన్ ఎప్పుడు కదిలితే అప్పుడు ఆ చోటు నీదేనోయ్ అన్నాడు. అడగకుండానే అన్నాడు.

"కోచ్, ఆ చోటు..."

"తెలుసు, తెలుసు. సీజను అయ్యాక తీరుబడిగా మాట్లాడుకుందాం. ముందు టికెట్టు తియ్యి, రేటు పెరిగిపోతుంది." మోకాలి మీద రెండు తట్లు తట్టి లేచి వెళ్ళిపోయాడు.

బెల్ ప్రెయిరీ కాలేజి బేస్‌బాల్ టీముకి వెండెల్ ఆపరేషన్స్ డైరెక్టరు. పేరు వింటే ఏదో గదిలో కూర్చుని గంట కొట్టి మనుషుల్ని పిలిచే ఉద్యోగంలా ఉంటుంది. నిజానికి బస్సు అతనే, భోజనం అతనే, తువ్వాళ్ళు అతనే. వాన వచ్చేలా ఉందా అని ఆకాశం కేసి చూసేది అతనే, తల్లిదండ్రులకు గేటు దగ్గర పాసులు ఉంచేది అతనే, ఎవడి పన్ను విరిగితే ఆ ఊళ్ళో డెంటిస్టుని నిద్ర లేపేది అతనే. చెయ్యకూడని పని ఒక్కటే ఉంది. ఆటగాడికి ఆట చెప్పకూడదు. రూలు అలా ఉంది మరి. బంతుల బకెట్టు మోయవచ్చు, ఆ బకెట్టులోంచి బంతి తీసి నేలబారుగా కొట్టి ఒక కుర్రాడి చేత పట్టించకూడదు. బ్యాట్లు తుడవవచ్చు, ఆడించకూడదు. ఇంకో చోద్యం, ఈ ఆటలో కోచ్‌లు కూడా ఆటగాళ్ళ బట్టలే తొడుక్కుంటారు, వీపు మీద నంబరుతో సహా, పొట్ట ఎంత ఉన్నా సరే. ఆ పొట్టల కొలతలు తీసి బట్టలు కుట్టించే వెండెల్ మాత్రం కాలరు చొక్కాలో మైదానం పక్క గట్టు మీద నిలబడాలి. ఆ నంబరు చొక్కా కోసమే అతను ఇన్నేళ్ళుగా ఈ సీట్లో కూర్చుంటున్నాడు. దాని కోసం తప్ప ఇంకెందుకూ కాదు.

అయినా టికెట్టు తీశాడు. మధ్యలో ఎక్కువసేపు కూర్చోబెట్టని విమానం చూసి మరీ తీశాడు. గది చెప్పాడు. మూల బల్ల చెప్పాడు.

అద్దంలోంచి ఇదంతా చూస్తున్న ఓడెల్ గొంతు సవరించుకున్నాడు. బెల్ ప్రెయిరీ టీము బస్సు ఎప్పుడూ ఓడెల్‌దే. నెరిసిన గడ్డం, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, స్టీరింగు మీద రెండు వేళ్ళు.

"ఏం నాయనా, ఏదో మింగరానిది మింగినట్టున్నావు?"

"నాకు రావలసిన ఉద్యోగానికి ఇంకొకడు వస్తున్నాడు. వాడికి నేనే టికెట్టు తీశాను."

"కిటికీ పక్కన ఇచ్చావా?"

"ఇచ్చాను."

"నువ్వు బాగుపడవురా అబ్బాయ్," అని ఓడెల్ దారి కేసి చూసి నడిపాడు.

శుక్రవారం ఓడిపోయారు. ఆట సంగతి అలా ఉంచితే, ఆ సాయంత్రం హోటలు వెనక బట్టలుతికే గదిలో వెండెల్ యంత్రంలోంచి వెచ్చటి ప్యాంట్లు తీసి మడతపెడుతున్నాడు. ఎర్రమట్టి మరక మోకాళ్ళ దగ్గర వదల్లేదు. వేలికి సబ్బు రాసుకుని ఒక్కొక్క మరకా రుద్దుతున్నాడు. బర్డిక్ లోపలికి వచ్చి తన ప్యాంటు ఏదని వెతుక్కున్నాడు.

"మూడోది కోచ్. నడుము దగ్గర వదులు చేయించాను."

"చూశావా, నేను చెప్పకుండానే." బర్డిక్ ప్యాంటు భుజాన వేసుకున్నాడు. ఓడిన రోజు కూడా కులాసాగా ఉండగలిగిన మనిషి ఆయన. అదొక అదృష్టం.

వెండెల్ సబ్బు పక్కన పెట్టాడు. "సూటిగా అడుగుతాను. మంగళవారానికి నన్నెందుకు పిలవలేదు?"

"నువ్వు ఎలాగూ ఉంటావుగా, కారు నడపాలి."

"అది కాదు. హార్లన్ చోటుకి."

బర్డిక్ బట్టల యంత్రానికి ఆనుకున్నాడు. మంచి మాట చెప్పబోయేవాడిలా గొంతు తగ్గించాడు. "చూడు వెండెల్. నేలబంతులు కొట్టేవాళ్ళు ఎటు రాయి విసిరినా దొరుకుతారు. నీలాంటివాడు ఎక్కడ దొరుకుతాడు చెప్పు? నువ్వు అటు వెళ్తే ఇదంతా ఎవడు చేస్తాడు? బస్సు ఎవడు చెప్తాడు? ఒక్క రోజు నువ్వు లేకపోతే మేం ఏ ఊళ్ళో ఉన్నామో కూడా మాకు తెలియదు."

"నేర్పిస్తాను ఎవరికైనా."

"ఇది నేర్పితే వచ్చేదా? నీకు సంగతి చెప్పలేదు, కిందటేడు మిసిసిపీ నుంచి ఒక కోచ్ నీ కోసం ఫోను చేశాడు. ఫీల్డింగ్ కుర్రాళ్ళను నీ చేతికి ఇద్దామనుకుంటున్నాడట, నీ మీద అభిప్రాయం చెప్పమన్నాడు. నేను ఊరుకుంటానా? ఈ దేశం మొత్తం మీద ఇంతకన్నా గొప్ప ప్రయాణాల మనిషి లేడని చెప్పాను. ఒక్క సంచీ పోగొట్టలేదని, ఒక్క పూట పస్తు పెట్టలేదని. అరగంట పొగిడాను నిన్ను."

వెండెల్‌కి ఆ మిసిసిపీ కాలేజి గుర్తే. దరఖాస్తు పెట్టి, ఆ వేసవి అంతా ఫోను బాత్‌రూములోకి కూడా తీసుకెళ్ళాడు. ఆ ఫోను ఎందుకు మోగలేదో ఇప్పుడు తెలిసింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టవచ్చు. ఎదుటివాడు కళ్ళనిండా ప్రేమతో నిలబడి, నీ గొంతు నేనే నులిమాను, ఎంత బాగా నులిమానో చూడు అంటుంటే ఏం చెయ్యాలి? వెండెల్ ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న ప్యాంటు మాత్రం నలిగిపోకుండా మడతపెట్టాడు.

"థాంక్స్ కోచ్," అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియదు, తరవాత చాలాసేపు నోరు చేదుగా ఉంది.

శనివారం గెలిచారు. అంటే ఆదివారం ఆట గెలిచినవాళ్ళు లీగు టోర్నమెంటుకి వెళ్తారు, ఓడినవాళ్ళు ఇంటికి వెళ్ళి సామాన్లు సర్దుకుంటారు.

ఆదివారం ఆటకి ఒక గడువు ఉంటుంది. బయటి ఊరి టీము తిరిగి ఇల్లు చేరాలి కాబట్టి, ఫలానా వేళ దాటాక కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టకూడదని రెండు వైపుల ఆపరేషన్స్ మనుషులు ముందే అనుకుంటారు. వెండెల్ నాలుగు గంటలన్నాడు. డ్రైవరు ఒక రోజులో ఇంతకుమించి నడపకూడదని చట్టం, ఇంటికి దూరం చాలా ఉంది. ఆ ఊరి టీము పనులు చూసే లొరెట్టా ఎదురు మాట్లాడకుండా సరేనంది. ఆమెకూ తెలుసు, వెండెల్ చెప్పిన వేళలో ఎప్పుడూ కొంత దాపరికం ఉంటుందని. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరూ అంతే. బస్సు పదింటికి కదలాలంటే తొమ్మిదిన్నరకు అని చెప్తారు. ఆ అరగంట ఎక్కడ దాచారో పెళ్ళానికి కూడా చెప్పరు.

ఎనిమిదో ఇన్నింగ్స్ అయ్యేసరికి రెండు టీములూ సమానంగా ఉన్నాయి. గడియారం నాలుగుకి దగ్గర పడింది. తొమ్మిదోది, అంటే మామూలుగా ఆఖరిది, ఎలాగూ మొదలవుతుంది. అందులో కూడా తేలకపోతే ఆట అక్కడితో ఆగిపోతుంది, సమానమైన ఆట ఇద్దరికీ దండగ, పైనున్న ఇంకో టీము అప్పనంగా టోర్నమెంటుకి పోతుంది.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండో, మూడో బేసుల నడుమ కాపు కాసే షార్ట్‌స్టాప్ డెషాన్ పికెట్ చేతికి తేలిక బంతి వచ్చింది. పట్టాడు, విసిరాడు, బంతి పక్కకి పోయింది. గట్టు చివర మంచినీళ్ళ డబ్బాల దగ్గర నిలబడ్డ వెండెల్ పెదవి కొరుక్కున్నాడు. ఎందుకు పక్కకి పోయిందో అతనికి కనిపించింది. హార్లన్ ఆ సమయంలో పొద్దుతిరుగుడు గింజల తొక్కలు ఊస్తున్నాడు. బతికి బయటపడ్డారు గానీ, ఇన్నింగ్స్ ముగిసినా ఆట తేలలేదు. నాలుగు దాటింది.

అంపైరు మాస్కు తీసి చంకలో పెట్టుకున్నాడు. బర్డిక్ పరిగెత్తుకుంటూ వెండెల్ దగ్గరికి వచ్చాడు. ఆయన పరిగెత్తడం చూసి చాలా కాలమైంది.

"నీ దగ్గర ఉంటుంది. నాకు తెలుసు, నీ దగ్గర ఎప్పుడూ ఉంటుంది. తియ్యి!"

వెండెల్ గడియారం కేసి చూశాడు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో అతనికి చాలా సుఖంగా ఉంది. లేదు కోచ్ అంటే చాలు. బస్సు బస్సే, చట్టం చట్టమే. అంతా అక్కడే ముగిసిపోతుంది, వోగెల్‌కి ఆడించడానికి ఓడిన టీము దొరుకుతుంది. అప్పుడు గట్టు మీద కూర్చున్న పికెట్ కనిపించాడు. తువ్వాలు నెత్తి మీద కప్పుకుని ఒంటరిగా కూర్చున్నాడు, ఆ విసురు చెడగొట్టానని.

"పొద్దున మనల్ని ఇక్కడ దింపింది హోటలు వ్యాన్లు," అన్నాడు వెండెల్. "ఓడెల్‌ని మధ్యాహ్నం దాకా పడుకోమన్నాను. అతని నడిపే గంటలు ఇంకా మొదలు కాలేదు. లొరెట్టా ఒప్పుకుంటే ఇంకో గంట ఆడుకోవచ్చు."

లొరెట్టా నవ్వి, అలాగేనని అంపైరుకి చెయ్యి ఊపింది. పదో ఇన్నింగ్స్‌లో బెల్ ప్రెయిరీ గెలిచింది. కుర్రాళ్ళు ఒకరి మీద ఒకరు పడి దొర్లుతుంటే బర్డిక్ వాళ్ళను వదిలేసి వచ్చి వెండెల్‌ని ఎముకలు కలుక్కుమనేలా వాటేసుకున్నాడు.

"చూశావా? చూశావా? ఇందుకేరా నిన్ను వదలనిది!"

ఆయన చొక్కా చెమటతో తడిసి వెండెల్ చెంపకి అంటుకుంది. నంబరు పైకుట్టు గరుగ్గా తగిలింది.

మంగళవారం విమానాశ్రయంలో ట్రెంట్ వోగెల్ ఒక చిన్న సంచీతో దిగాడు. సన్నగా, ఎండకి కమిలిన మెడతో, చూడగానే తిట్టాలనిపించని మనిషి. అది ఇంకా చిరాకు. వెండెల్ సంచీ అందుకోబోతే ఇవ్వలేదు.

"నేను మోసుకుంటానండీ. మీ పనిలో నేనూ రెండేళ్ళు చేశాను. ప్రతివాడూ సంచీ చేతికిచ్చేవాడే."

వెండెల్ కారు తలుపు తెరవబోయి ఆగాడు. "మీరు ఆపరేషన్స్ చేశారా?"

"చేశానంటే చేశాను." వోగెల్ ముందు సీట్లో కూర్చుని బెల్టు లాక్కున్నాడు. "అబ్బో, నా అంత దరిద్రపు ఆపరేషన్స్ వాడు పుట్టలేదనుకోండి. ఒకసారి టీముని తీసుకుని నెబ్రాస్కా వెళ్ళాం. దిగాక చూస్తే బ్యాట్లు లేవు. మొత్తం బ్యాట్ల పెట్టె మా ఊళ్ళో మెట్ల కింద ఉండిపోయింది. ఎదుటి టీము దగ్గర అడుక్కుని ఆడాం. వాళ్ళ బ్యాట్లతో వాళ్ళనే కొట్టాలి, ఊహించుకోండి."

"తరవాత?"

"తరవాత ఇంకోసారి టీముని వేరే హోటలుకి తీసుకెళ్ళాను. అక్కడేదో పెళ్ళి జరుగుతోంది. మా వాళ్ళు భోజనం బాగుందన్నారు లెండి."

వెండెల్‌కి నవ్వు రాలేదు. "అది కాదు. ఆట చెప్పే ఉద్యోగంలోకి ఎలా వచ్చారు?"

"అదే చెప్తున్నాను. మా కోచ్ మంచివాడు, పొమ్మనలేడు. అలాగని బస్సులు నా చేతిలో ఉంచితే టీము ఏ సముద్రంలో తేలుతుందో తెలియదు. నన్ను ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా? ఒక బ్యాటు చేతికిచ్చి, పోయి ఆ కుర్రాళ్ళకి నేలబంతులు కొట్టుకో, ఫోను మాత్రం ముట్టుకోకు అన్నాడు. ఇంకొకణ్ణి బస్సులకి పెట్టుకున్నాడు."

"వాడు?"

"వాడు దేవుడండీ. ఒక్క తప్పు చెయ్యడు. ఇంకా అక్కడే ఉన్నాడు."

తరవాత దారంతా వోగెల్ ఏవేవో మాట్లాడాడు. ఊరు బాగుందన్నాడు, పత్తి ఎప్పుడు వేస్తారని అడిగాడు. వెండెల్ సరిగా వినలేదు. ఎర్ర దీపం దగ్గర ఆగాల్సినచోట ఆగాడు, తిరగాల్సినచోట తిరిగాడు. తువ్వాళ్ళు లెక్కపెట్టిన చేతులు, మరకలు రుద్దిన వేళ్ళు, దాచిన అరగంటలు, ఇవన్నీ ఒక్కొక్క ఇటుకగా పేర్చి తన చుట్టూ తనే గోడ కట్టుకున్నాడు. గోడ ఎంత నున్నగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు కూడా.

స్టేక్ హోటల్లో మూల బల్ల దగ్గర బర్డిక్ వెండెల్‌ని పరిచయం చేశాడు. "ఈయన లేకపోతే నేను బూట్లు కూడా వేసుకోలేను. నువ్వు ఇక్కడికొస్తే నీకే బాధా ఉండదు, అన్నీ వెండెల్ చూసుకుంటాడు."

"ఈయనకేం కావాలో ఎవరైనా చూస్తున్నారా?" అన్నాడు వోగెల్, సరదాకే.

బర్డిక్ పగలబడి నవ్వాడు. మాంసం ముక్క కోసుకుంటూ, "వెండెల్‌కా? వెండెల్‌కి వేళకి కదిలే బస్సు కావాలి," అన్నాడు. ఆ బల్ల దగ్గరే ఉద్యోగం ఖాయమైపోయింది. చేతులు కలుపుకున్నారు. వెండెల్ తన పళ్ళెంలో బంగాళాదుంప చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు.

బుధవారం పొద్దున బర్డిక్ ఫోను చేశాడు. "వోగెల్‌కి బట్టలు చెప్పెయ్. నడుము ముప్ఫై రెండట, అదృష్టవంతుడు. రేపు పొద్దున బయల్దేరడానికి అన్నీ సిద్ధమేగా?"

"మీరు రండి కోచ్," అన్నాడు వెండెల్. అబద్ధం చెప్పలేదు.

ఆ రోజంతా అతను బస్సు చెప్పలేదు. టోర్నమెంటు మిసిసిపీ తీరాన, పొద్దున్నే బయల్దేరితే గానీ ప్రాక్టీసు వేళకి అందుకోలేరు. హోటలు గదులు లీగు వాళ్ళే ఇస్తారు. మిగిలిందల్లా బస్సు, దారిలో తిండి. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి దాని ఎదురుగా కూర్చున్నాడు. అలవాటైన చెయ్యి అటే పోతోంది. తొడ కింద పెట్టుకున్నాడు. కిటికీలోంచి మైదానం కనిపిస్తోంది. పికెట్ ఒక్కడే గోడకి బంతి కొట్టుకుంటూ పట్టుకుంటున్నాడు. వీళ్ళేం పాపం చేశారు, పిల్లల ఉసురు ఊరికే పోతుందా అనుకున్నాడు. అప్పుడు, ఎవడు చేస్తాడు ఇదంతా అన్న బర్డిక్ గొంతు వినిపించింది. రేపు చూద్దాం ఎవడు చేస్తాడో. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బస్సు లేని ఖాళీ వీధిలో ఆ నంబరు చొక్కాలన్నీ నిలబడాలి. ఎంత కక్ష ఉంటే అంత గట్టిగా ఆలోచించాడు. ఆఫీసు తాళం వేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున చేతిలో ఏమీ లేకుండా వచ్చాడు. అలా రావడం అతనికే వింతగా ఉంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కోచ్, బస్సు లేదు, అనే మాట నోట్లో తిప్పుకుంటూ మైదానం మలుపు తిరిగాడు.

బస్సు ఉంది.

పక్క తలుపులు పైకెత్తి, ఇంజను ఆన్‌లో పెట్టి, ఇస్త్రీ చొక్కాతో ఓడెల్ బ్యాట్ల సంచులు లోపలికి తోస్తున్నాడు. మెట్టు పక్కన ఆవిరి పట్టిన అట్టపెట్టెలు, సాసేజి పెట్టిన రొట్టెలు, కోడి రొట్టె ఒకటి విడిగా, దాని మీద కుర్రాడి పేరు కూడా రాసి ఉంది.

"ఏమయ్యా, నిన్న ఫోనే లేదు?" అన్నాడు ఓడెల్. "ఒంట్లో బాగాలేదేమో, విసిగించడం ఎందుకని మా బస్సుల ఆఫీసులో నేనే చెప్పేశాను. ఇంకెవరి బస్సుకో పంపుతామంటే కుదరదన్నాను. వచ్చే దారిలో మనకి ఎప్పుడూ పొద్దుటి తిండి కట్టే రొట్టెలావిడ కనబడి, మా వెండెల్ ఇవాళ ఏంటి చప్పుడు లేదు అంది. ఎప్పుడూ ఇచ్చేదే ఇచ్చెయ్ తల్లీ అన్నాను."

వెండెల్‌కి ముందు వచ్చింది కోపం. ఛీ, చెడగొట్టడం కూడా చేతకాలేదు. ఒక్క తప్పు చేద్దామంటే చుట్టూ ఉన్నవాళ్ళంతా కలిసి దాన్ని కూడా ఒప్పు చేసి పెట్టారు. బస్సు ఇనుప ఒంటి మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇంజను వణుకు చేతిలోకి వస్తోంది. కుర్రాళ్ళు అట్టపెట్టెల్లోంచి ఎవరి రొట్టె వాళ్ళు తీసుకుంటున్నారు, ఎవరూ ఎవర్నీ ఏమీ అడగడం లేదు. అలా చూస్తూ ఉండగా కోపం మెల్లగా తగ్గింది. దాని చోట ఇంకేదో వచ్చింది. ఊపిరి తేలికైంది.

బర్డిక్ కాఫీ గ్లాసుతో వచ్చాడు. "ఎక్కవేం? వేళైంది."

"కోచ్, ఈ బస్సు నేను చెప్పలేదు."

"అంటే?"

"చెప్పలేదు. ఫోను చెయ్యలేదు. ఈ తిండి కూడా నేను చెప్పలేదు. కావాలనే చెప్పలేదు."

బర్డిక్ బస్సు కేసి చూశాడు, వెండెల్ కేసి చూశాడు. "వచ్చిందిగా మరి?"

"వచ్చింది. నేనూ అదే అంటున్నాను. నేను లేకపోతే ఎవడు చేస్తాడు అన్నారు కదా. చూడండి, ఎవరూ చెయ్యకుండానే అయిపోయింది. ఇన్నేళ్ళూ మీరూ నమ్మారు, మీకన్నా నేనే ఎక్కువ నమ్మాను."

ఆయన మొహం ఎర్రబడింది. "కావాలనా? పిల్లల సీజనుతో ఆటలాడావా నువ్వు?"

"ఆడాను. తప్పే. తిట్టండి, పడతాను." వెండెల్ ఆగలేదు. "హార్లన్ చోటు నాది అన్నారు. ఇవ్వలేదు. మిసిసిపీ వాళ్ళకి నన్ను కూలీలా పొగిడారు. నాకు ఆట తెలుసని ఒక్క ముక్క చెప్పలేదు. ఇంక నేను చెయ్యను కోచ్. ఇవాళ్టితో సరి."

"పిచ్చి మాటలు మాట్లాడకు. ఎక్కు, బస్సులో మాట్లాడుకుందాం."

"నేను రావడం లేదు."

"అక్కడ పాసులు... ప్రాక్టీసు వేళ ఎవరు..." బర్డిక్ చెయ్యి గాల్లో తిరిగింది. అప్పటికి గానీ ఆయనకు విషయం ఎక్కలేదు. చేతిలో కాఫీ తొణికి మణికట్టు మీద పడింది, తుడుచుకోలేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూలబడ్డాడు.

ఆఖరున ఎక్కాల్సినవాడు పికెట్. చేతిలో బంతి, చంకలో గ్లవ్. అంతా విన్నాడని మొహం చూస్తే తెలుస్తోంది.

"నిజంగానే రారా సార్?"

"రాను. పికెట్, ఇటు రా. ఆ బంతి ఇయ్యి."

పికెట్ ఇచ్చాడు.

"ఆదివారం విసురు ఎందుకు పక్కకి పోయిందో తెలుసా? బంతి చేతిలో పడకముందే నీ ఎడంకాలు పడిపోతోంది. తొందర. ముందు బంతి రానియ్, తరవాత కాలు. అక్కడ నిలబడు."

పికెట్ కళ్ళు పెద్దవి చేశాడు. "మీరు చెప్పకూడదు కదా సార్? రూలు ఉందిగా?"

"ఇందాకటిదాకా ఉంది."

కుర్రాడు సంచీ కింద పడేసి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, తారు నేల మీద మోకాళ్ళు వంచాడు. వెండెల్ బంతి దొర్లించాడు. కాలు మళ్ళీ ముందే పడింది. ఇంకోటి. కొంచెం నయం. కిటికీల నిండా మొహాలు చేరాయి. బర్డిక్ లోపలినుంచి అద్దం మీద కొడుతున్నాడు, ఆలస్యమైపోతోందని. ఓడెల్ తలుపు వెయ్యలేదు. స్టీరింగు మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు.

"సార్, బస్సు..." అన్నాడు పికెట్.

"ఉండనియ్. ఇంకోటి," అని వెండెల్ బంతి దొర్లించాడు.